గోడ లోపలి బాల్యం

రెండో ప్రపంచయుద్ధపు రోజుల్లో యూదు పిల్లలు ఎలా బతికారో చెప్పే నవలలు యాభై ఏళ్లకు పైగా ప్రపంచమంతటా బడి పిల్లల చేతుల్లో ఉన్నాయి. ఆ కాలం మీద వచ్చిన కొన్ని పుస్తకాలను బడుల్లోంచి తీసేశారు. కొన్నింటి జోలికి పోవద్దని చరిత్ర తెలిసినవాళ్లే హెచ్చరించారు. మరి మన పిల్లలకు ఏది ఇవ్వాలి? ఎందుకివ్వాలి?

1942 జులై 18, శనివారం. పోలండ్ రాజధాని వార్సాలో యూదులను బంధించడానికి నాజీలు గోడ కట్టి మూసేసిన ప్రాంతం, ఘెట్టో. అందులో ఓ అనాథాశ్రమంలో పిల్లలు నాటకం వేస్తున్నారు.

కిటికీ దగ్గర ఓ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఒంట్లో బాగోలేదు, గడప దాటొద్దని వైద్యుడు కట్టడి చేశాడు. వీధిలో పెరుగమ్మేవాడు వెళ్తుంటే పిలిచి ఊరూ పేరూ అడుగుతాడు. కావలివాడు గంట కొడితే ఎందుకు కొట్టావంటాడు. పూలకు వెళ్లే పిల్లతో స్నేహం కలుపుతాడు. ఎదురుగా కొత్తగా పెట్టిన పోస్టాఫీసు నుంచి తనకు రాజుగారి ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తుంటాడు.

ఆ కుర్రాడి పేరు అమల్. నాటకం 'డాక్ ఘర్'. రాసింది మన రవీంద్రనాథ్ టాగూర్. బెంగాలీలో పుట్టిన ఆ నాటకాన్ని పోలిష్ భాషలో ఆడుతున్నది తిండి చాలక చిక్కిపోయిన యూదు పిల్లలు. చుట్టూ గోడ ఎత్తు మూడు మీటర్ల పైనే. లోపల దాదాపు 3.4 చదరపు కిలోమీటర్ల జాగాలో నాలుగు లక్షల మందికి పైగా జనాన్ని కుక్కారు. బయటికి పోలేకపోవడమంటే ఏమిటో అమల్ వేషం కట్టిన పిల్లాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ నాటకం వేయించింది ఆశ్రమాన్ని నడిపే డాక్టర్ యానుష్ కోర్చాక్. చావు ఎదురైనా పిల్లలు బెదిరిపోకూడదని ఆయన దాన్ని ఎంచుకున్నట్టు చెబుతారు. నాలుగు రోజులు తిరిగేసరికి, జులై 22న, ఘెట్టోలోని మనుషులను రైళ్లెక్కించి ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి పంపడం మొదలైంది. ఆగస్టు మొదటి వారంలో ఆశ్రమం వంతు వచ్చింది. సుమారు 200 మంది పిల్లలు బారులు తీరి రైలు దగ్గరికి నడిచారు. కోర్చాక్, ఆయనతో మూడు దశాబ్దాలు పనిచేసిన స్టెఫానియా విల్చిన్‌స్కా వాళ్ల వెంటే నడిచారు. తప్పించుకునే దారి చూపిస్తామని మిత్రులు పలుమార్లు అడిగినా ఆయన పిల్లలను వదిలి కదల్లేదు. ఆ రైలెక్కిన వాళ్లెవరూ తిరిగి రాలేదు.

కోర్చాక్ పిల్లల వైద్యుడు, పోలండ్ పిల్లలకు బాగా తెలిసిన రచయిత కూడా. 1923లో వచ్చిన ఆయన నవలలో పసివయసులోనే గద్దెనెక్కిన మాచూష్ రాజు, పిల్లల కోసం రాజ్యాన్ని మార్చబోయి చిక్కుల్లో పడతాడు. ఆయన ఆశ్రమంలో పిల్లలే న్యాయమూర్తులుగా కూర్చునే కోర్టు నడిచేది. 1926 నుంచి 1939 దాకా వార్సాలోని ఓ యూదు దినపత్రికకు వారం వారం ఒక అనుబంధం వచ్చేది. దాన్ని మొదలుపెట్టింది ఆయన, రాసింది పిల్లలు. బడి సంగతులు, ఇంటి తగాదాలు, అన్నదమ్ముల మీద ఫిర్యాదులు ఉత్తరాలుగా వచ్చిపడేవి.

ఆ అనుబంధం సంగతి ఎత్తడానికి కారణం ఉంది. ఈ కాలం మీద పిల్లల కోసం రాసిన నవల మంచిదో కాదో తేల్చడానికి నాకు ఒకటే గీటురాయి కనిపిస్తుంది. అందులోని పిల్లలు చనిపోయేలోపు బతికారా? దెబ్బలాడుకున్నారా, ఆడుకున్నారా, అలిగారా, అబద్ధాలాడారా? లేక మనచేత కన్నీళ్లు పెట్టించడానికి మాత్రమే ఆ పేజీల్లోకి వచ్చారా?

ఇప్పుడెందుకీ మాట?

1942లో పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు తొంభై దాటారు. నాజీలూ వాళ్లకు సహకరించినవాళ్లూ కలిసి చంపిన యూదులు సుమారు 60 లక్షలు. అందులో పిల్లలే దాదాపు 15 లక్షలు. మిగిలి బయటపడ్డవాళ్లు యూరప్, అమెరికా, ఇజ్రాయెల్ బడులకు వెళ్లి తమ కథ తామే చెప్పేవారు. ఆ గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఇక పిల్లలకు మిగిలేవి పుస్తకాలే.

ఆ పుస్తకాలకూ గొడవలు తప్పడం లేదు. ఆర్ట్ స్పీగెల్‌మన్ బొమ్మల నవల 'మౌస్'ను 2022 జనవరిలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, మెక్‌మిన్ కౌంటీ బడుల్లో పాఠ్యాంశం నుంచి తీసేశారు. మరుసటి ఏడాది టెక్సస్‌లో ఒక ఉపాధ్యాయురాలు యూదు బాలిక అన్నె ఫ్రాంక్ డైరీ బొమ్మల రూపాన్ని తరగతిలో చదివించి ఉద్యోగం పోగొట్టుకుంది. ఇంకోపక్క ఉక్రెయిన్, ఇజ్రాయెల్, గాజాల నుంచి వచ్చే దృశ్యాలు మన పిల్లల ఫోన్లలోకి వడపోత లేకుండా వచ్చిపడుతున్నాయి. శిథిలాల్లో ఉన్న పాపను చూసి, ఆ పిల్ల ఏం చేసిందని అడిగితే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర జవాబు లేదు.

మన దగ్గర చాలామంది పిల్లలకు ఈ చరిత్రతో మొదటి పరిచయం సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకం 'ఫస్ట్ ఫ్లైట్'లో ఉన్న అన్నె ఫ్రాంక్ డైరీ భాగం. అందులో ఆమె వాగుడుకాయ అని లెక్కల మాస్టారు శిక్షగా వ్యాసం రాయిస్తాడు, ఆమె హాస్యంగా రాసి ఆయన్నే నవ్విస్తుంది. ఆ భాగాన్ని ఎంచినవాళ్లకు దండం పెట్టాలి. అన్నె చనిపోయిందన్నది అందరికీ తెలుసు. బడిలో అల్లరి చేసిందన్నది తెలియాలి.

యుద్ధం నేపథ్యంగా ఉన్న బాల్యం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. జపాన్ బాలిక టొటొచాన్ కథ 'రైలుబడి'గా తెలుగు ఇళ్లలోకి ఎప్పుడో వచ్చింది. చివర్లో ఆ బడి బాంబులకు తగలబడిపోతుంది. అయినా పిల్లలకు గుర్తుండేది రైలు పెట్టెల్లో సాగిన చదువు.

ఇన్నేళ్ల మౌనం

యుద్ధం 1945లో ముగిసినా పిల్లల నవలలు వెంటనే రాలేదు. బతికి బయటపడ్డవాళ్లు కొత్త దేశాల్లో కొత్త భాషలు నేర్చుకుంటూ, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని పెంచుతూ నోరు మూసుకుని గడిపారు. వినేవాళ్లూ తక్కువే. 1961లో జెరూసలేంలో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణ జరిగింది. వందమందికి పైగా సాక్షులు కోర్టులో నిలబడి చెప్పినదాన్ని ప్రపంచం రేడియోల్లో, టీవీల్లో వింది. అప్పుడు చాలా ఇళ్లలో పిల్లలు తల్లిదండ్రులను ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో మనం ఈ రోజు చెప్పుకునే నవలల్లో కొన్ని వచ్చాయి.

జూడిత్ కెర్‌కి ఆ ప్రశ్న ఇంట్లోనే తగిలింది. లండన్‌లో స్థిరపడి, 1968లో 'ద టైగర్ హు కేమ్ టు టీ' బొమ్మల పుస్తకంతో పేరు తెచ్చుకున్న రచయిత్రి ఆమె. 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమా చూసొచ్చిన కొడుకు, అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసిందన్నాడు. పాటలు పాడుకుంటూ కొండలు దాటడం కాదురా మా కథ అని చెప్పడానికి ఆమె 1971లో 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్' రాసింది.

అందులో ఆనా వయసు తొమ్మిదేళ్లు. తండ్రి బెర్లిన్‌లో పేరున్న రచయిత, నాజీలంటే పడనివాడు. 1933లో హఠాత్తుగా ఇల్లు వదలాల్సొచ్చింది. బొమ్మ ఒక్కటే తీసుకోవాలన్నారు. పాత గులాబీరంగు కుందేలా, కొత్తగా వచ్చిన ఊలు కుక్కా? ఎలాగూ త్వరలో తిరిగొస్తాం కదా అని ఆనా కుక్కను పట్టుకెళ్లింది. కుందేలు బెర్లిన్‌లోనే ఉండిపోయింది, దాంతో హిట్లర్ ఆడుకుంటున్నాడేమోనని ఆ తర్వాత ఆనా ఊహించుకుంటుంది.

ఇది చాలావరకు జూడిత్ కథే. ఆమె తండ్రి ఆల్‌ఫ్రెడ్ కెర్ బెర్లిన్‌లో పేరుమోసిన నాటక విమర్శకుడు. పాస్‌పోర్టు లాక్కోబోతున్నారని ముందుగా హెచ్చరిక అంది దేశం దాటాడు. ఆ ఏడాది మే 10న నాజీలు తగలబెట్టిన పుస్తకాల్లో ఆయనవీ ఉన్నాయి. స్విట్జర్లండ్, పారిస్, చివరికి లండన్. నవలలో శిబిరాలు లేవు, తుపాకులు పేలవు. కొత్త బడిలో మాట అర్థంకాక పడే అవస్థ, అద్దె ఇంటి ఇరుకు, తల్లి చేతికి అలవాటులేని వంటపని, డబ్బు లేక కుచించుకుపోతున్న తండ్రి పరువు ఉన్నాయి. గొప్పవాళ్లందరికీ కష్టాల బాల్యం ఉంటుందని చదివిన ఆనా, తనది ఆ లెక్కలోకి వస్తుందో రాదో తేల్చుకోలేకపోతుంది. ఎందుకంటే నలుగురూ ఒకచోట ఉన్నారు, ఆమెకు అది చాలు. 1974లో జర్మనీ ఈ పుస్తకానికి తన బాలసాహిత్య పురస్కారం ఇచ్చింది. తరిమేసిన దేశమే తన బడుల్లో దీన్ని పిల్లలకు చదివిస్తోంది.

చైనా చక్రవర్తి కొడుకు

ఈ రచయితలందరిలో నా మనసు ఎక్కువగా నిలిచేది ఊరి ఓర్లెవ్ దగ్గర. 1931లో వార్సాలో పుట్టాడు. తండ్రి డాక్టరు, యుద్ధంలో సోవియట్లకు చిక్కాడు. తల్లిని ఘెట్టోలో నాజీలు చంపేశారు. పిన్ని చేతికి వచ్చిన ఓర్లెవ్, అతని తమ్ముడు కొన్నాళ్లు దాక్కుని, 1943లో బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి చేరారు. అక్కడ పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఓర్లెవ్ ఒక నోటుపుస్తకంలో పోలిష్‌లో కవితలు రాసుకున్నాడు. యుద్ధం ముగిశాక పాలస్తీనా వెళ్లి, హిబ్రూ నేర్చుకుని, ఆ భాషలో పెద్ద రచయిత అయ్యాడు. 1996లో బాలసాహిత్యంలో అత్యున్నతమైన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం అందుకున్నాడు. 2022లో కన్నుమూశాడు.

ఘెట్టోలో ఈ అన్నదమ్ములు సీసపు సైనికుల బొమ్మలతో యుద్ధాలు ఆడుకునేవారు. బయట నిజమైన యుద్ధం జరుగుతుండగానే! ఓర్లెవ్ తనకు తాను ఒక కథ కూడా చెప్పుకునేవాడు. తను నిజానికి చైనా చక్రవర్తి కొడుకు. యుద్ధమంటే ఎంత ఘోరమో తెలిస్తే పెద్దయ్యాక ఎవరి మీదికీ యుద్ధానికి పోడని తండ్రి తనను నిద్రపుచ్చి ఈ కల కనేట్టు చేశాడు. మెలకువ వస్తే అంతా మామూలే. ఆ కథే అతన్ని నిలబెట్టింది. ఆ రోజులను పెద్దవాడిగా తలచుకోవడం తన వల్ల కాదనీ, అప్పటి పిల్లాడిగా అయితేనే గుర్తుచేసుకోగలననీ ఆయన చెప్పేవాడు. ఆయన నవలల్లో బోధన ఎక్కడా వినపడకపోవడానికి ఇదే కారణమనుకుంటాను.

1981లో వచ్చిన 'ద ఐలండ్ ఆన్ బర్డ్ స్ట్రీట్' చదివితే తెలుస్తుంది. పదకొండేళ్ల అలెక్స్ తండ్రి నుంచి విడిపోతాడు. నేనొచ్చేదాకా ఇక్కడే ఉండమన్న తండ్రి మాట పట్టుకుని, ఖాళీ అయిపోయిన ఘెట్టోలో కూలిన ఇంట్లో ఒంటరిగా బతుకుతాడు. తోడు ఒక తెల్ల ఎలుక. వాడికి ఇష్టమైన పుస్తకం 'రాబిన్‌సన్ క్రూసో'. ఓడ మునిగినవాడు దీవిలో బతికినట్టు, వీడు శిథిలాల్లో బతుకుతాడు. తాళ్లతో నిచ్చెన అల్లి, మెట్లు కూలిన మేడ పై అంతస్తుకు ఎక్కుతాడు. ఎదుటి గోడ అవతల పోలిష్ వీధి కనిపిస్తుంటుంది. అక్కడ పిల్లలు బడికెళ్తారు, ఆడుకుంటారు. ఒక కిటికీలో ఒక అమ్మాయి కనిపిస్తుంది.

చదివే పిల్లలకు ఇది సాహసకథ. తిండి ఎక్కడ దొరుకుతుంది, నీళ్లెలా, రాత్రి చప్పుడైతే ఎటు పరుగెత్తాలి? వాళ్లు ఊపిరి బిగబట్టి చదువుతారు. కానీ ఓర్లెవ్ దాన్ని ఆటగా వదిలేయలేదు. ఒకచోట అలెక్స్ ఇద్దరు యూదు పోరాటవీరులను కాపాడటానికి జర్మన్ సైనికుడిని కాల్చాల్సొస్తుంది. ఆ పని చేశాక వాడు గంతులు వెయ్యడు. పిల్లాడి చేత తుపాకి పట్టించి కూడా దాన్ని వీరగాథ కానివ్వని రచయిత అరుదు.

గుప్పిట్లో నక్షత్రం

1989లో అమెరికన్ రచయిత్రి లోయిస్ లౌరీ రాసిన 'నంబర్ ద స్టార్స్' కథ డెన్మార్క్‌ది. మరుసటి ఏడాది బాలసాహిత్యానికిచ్చే న్యూబరీ పతకం అందుకుంది. కోపెన్‌హాగెన్‌లో బాల్యం గడిపిన స్నేహితురాలి జ్ఞాపకాలు లౌరీ చేత ఇది రాయించాయి. 1943లో ఆనెమరీ, ఎలెన్ పక్కపక్క ఇళ్లవాళ్లు, ఒకే బడి. ఎలెన్ యూదు పిల్ల. ఆమెను ఆనెమరీ ఇంట్లో కూతురిగా దాచిన రాత్రి జర్మన్ సైనికులు తలుపు కొడతారు. ఎలెన్ మెడలో ఆరు కోణాల దావీదు నక్షత్రపు గొలుసు! గొళ్లెం రాదు, ఆనెమరీ ఒక్క గుంజు గుంజి తెంపేస్తుంది. సైనికులు పోయాక గుప్పిట విప్పితే అరచేతిలో నక్షత్రం అచ్చు పడి ఉంటుంది.

ఇదే పుస్తకంలో ఆనెమరీ చెల్లెలు ఐదేళ్ల కిర్‌స్టీ కొత్త బూట్లు చూసి రాగాలు తీస్తుంది. తోలు దొరకని రోజులవి, అమ్మ చేపతోలు బూట్లు తెచ్చింది. ఆకుపచ్చగా, పొలుసులతో ఉన్న అవి తొడుక్కోనని ఏడుపు. మా నాన్న దగ్గర నల్ల సిరా ఉందిగా, రంగు మార్చేద్దామంటుంది ఎలెన్. యుద్ధం ఒక పసిపిల్లకు ఎలా అనుభవమవుతుందో ఇంతకంటే ఎలా చెప్తారు?

లౌరీ కల్పించిందనిపించే విషయాల్లో కొన్ని చరిత్రే. పడవల్లో దాక్కున్నవాళ్లను పోలీసు కుక్కలు పసిగట్టకుండా, ఎండిన రక్తం, కొకైన్ కలిపి పూసిన రుమాలు నవలలో వస్తుంది. వాసనకు ముక్కు ఆనించిన కుక్కకు కాసేపు ఇంకేదీ తెలియదు. డెన్మార్క్ జాలర్లు నిజంగానే దీన్ని వాడారని లౌరీ తన పుస్తకం చివర వివరించింది.

[బాక్స్] సముద్రం దాటించిన ఊళ్లు

1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించింది. 1943 అక్టోబరు 1 రాత్రి, యూదుల నూతన సంవత్సర పండుగ రోజున, అందరినీ ఒక్కసారే పట్టుకోవాలని పథకం వేశారు. జర్మన్ దౌత్య ఉద్యోగి గేయోర్గ్ డక్‌విట్జ్ ముందే ఉప్పందించాడు. సెప్టెంబరు 29న ప్రార్థన కోసం వచ్చినవాళ్లను, వెంటనే దాక్కోండని యూదు మతగురువు రబ్బీ మార్కస్ మెల్కియోర్ పంపేశాడు.

తర్వాతి వారాల్లో సుమారు 7,200 మంది యూదులు, వాళ్ల కుటుంబాల్లోని 700 మంది దాకా యూదేతరులు చేపల పడవల్లో స్వీడన్ చేరారు. దాటాల్సిన జలసంధి ఇరుకైన చోట నాలుగు కిలోమీటర్లే. కొందరు జాలర్లు ఉచితంగా దాటిస్తే, కొందరు భారీగా డబ్బు తీసుకున్నారు. గిలెలాయె అనే ఊళ్లో చర్చి అటక మీద దాక్కున్న 80 మంది దాకా పట్టుబడ్డారు. మొత్తం 470 మంది వరకూ యూదులను నాజీలు తెరెజీన్ శిబిరానికి తరలించారు.

డెన్మార్క్ రాజు యూదులకు మద్దతుగా పసుపు నక్షత్రం ధరించాడన్న కథ చాలామంది నమ్ముతారు. అది కట్టుకథ. డెన్మార్క్‌లో యూదులు ఆ నక్షత్రం ధరించాలన్న నిబంధనే రాలేదు. రాజు పదవ క్రిస్టియన్ రక్షకభటులు లేకుండా రోజూ గుర్రం మీద నగర వీధుల్లో తిరిగిన మాట మాత్రం నిజం.

చారల చొక్కా మీద తగువు

ఈ తరహా పుస్తకాల్లో బాగా పేరొచ్చింది ఐరిష్ రచయిత జాన్ బోయ్న్ 2006లో రాసిన 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్'కి. కోటికి పైగా ప్రతులు అమ్ముడయ్యాయి, 2008లో సినిమా వచ్చింది. తొమ్మిదేళ్ల బ్రూనో ఆష్‌విట్జ్ శిబిరాధికారి కొడుకు. కంచె అవతల చారల బట్టల్లో ఉన్న ష్ముయేల్‌తో స్నేహం చేస్తాడు. చివరికి కంచె కింద నుంచి లోపలికి దూరి, స్నేహితుడితో పాటు గ్యాస్ గదిలో చనిపోతాడు.

ఏడవకుండా ఆ పుస్తకం ముగించడం కష్టం. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఆష్‌విట్జ్‌కి తెచ్చిన పిల్లల్లో అత్యధికులను దిగిన రోజే చంపేశారు, చాకిరీకి పనికిరారు గనుక. ఇప్పుడు అక్కడున్న మ్యూజియం లెక్క ప్రకారం అక్కడికి తరలించిన పిల్లలు సుమారు 2,32,000, అందులో యూదులు 2,16,000. బతికి ఉన్నవాళ్లు కరెంటు పారే కంచె పక్కన రోజూ కూర్చుని కబుర్లాడే వీల్లేదు. ఇక జర్మనీలో పదేళ్లకే పిల్లల్ని హిట్లర్ బాలల దళంలో చేర్చేవారు, బడిలో యూదుల మీద విషం నూరిపోసేవారు. శిబిరాధికారి కొడుకు ఆ కంచెలోపలి మనుషులెవరో తెలియనంత అమాయకంగా ఉండటం కుదరని పని.

ఇది నీతికథ, చరిత్ర కాదు అన్నది రచయిత వాదన. 2020 జనవరిలో ఆష్‌విట్జ్ మ్యూజియం, ఈ చరిత్ర చదివేవాళ్లూ బోధించేవాళ్లూ ఆ నవలకు దూరంగా ఉండాలని బహిరంగంగానే చెప్పింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఇంగ్లండ్‌లో వేలాది విద్యార్థులతో చేసిన అధ్యయనంలోనూ ఈ కథ ప్రభావం బయటపడింది. మామూలు జర్మన్లకు ఏమీ తెలియదని నమ్మడానికి పిల్లలకు ఇది ఆధారమవుతోంది.

నన్ను అంతకంటే బాధించేది వేరే ఉంది. పుస్తకం మూసేశాక మనం ఎవరికోసం ఏడుస్తున్నాం? అధికారి కొడుకు కోసం. ష్ముయేల్‌కు గడియారాలు చేసే తండ్రి ఉన్నాడని రెండు మాటలు వింటాం. తర్వాత వాడు ఆకలి, ఓర్పు, చారల చొక్కా. వాడు అలగడు, కొట్టుకోడు, బ్రూనోను తిట్టిపోయడు. లక్షల మంది యూదు పిల్లలు చనిపోయిన చోట, కథకు గుండెకాయ జర్మన్ పిల్లాడి చావు. ఇది తప్పు కొలత.

జర్మన్ పాత్ర ముందుండటమే తప్పని కాదు నా ఉద్దేశం. 2005లో ఆస్ట్రేలియా రచయిత మార్కస్ జూసక్ రాసిన 'ద బుక్ థీఫ్'లో లీజెల్ జర్మన్ అమ్మాయే. కానీ వాళ్లింటి నేలమాళిగలో దాక్కున్న యూదు యువకుడు మాక్స్‌కు సొంత బతుకుంది. హిట్లర్ రాసిన పుస్తకం పేజీలకు తెల్ల రంగు పూసి, ఆ తెలుపు మీద లీజెల్ కోసం తన బొమ్మల కథ రాస్తాడు. అతన్ని జాలి మనిషిగా చూడటం కుదరదు. లౌరీ నవలలోనూ ముందు వరసలో ఉన్నది యూదేతర బాలికే. ఆ లోటు నిజమే. చేపతోలు బూట్లకు సిరా రంగు ఉపాయం ఎలెన్ నోట పలికించడం వల్ల అది కొంత పూడుతుంది.

[బాక్స్] కల్పనా చావ్లా వెంట వెళ్లిన చందమామ

పీటర్ గిన్జ్ 1928 ఫిబ్రవరి 1న ప్రేగ్‌లో పుట్టాడు. జూల్ వెర్న్ అంటే పిచ్చి, ఆ ధోరణిలో చిన్నప్పుడే నవలలు రాశాడు. పద్నాలుగేళ్లకు తెరెజీన్ శిబిరానికి పంపారు. అక్కడ తోటి కుర్రాళ్లతో కలిసి 'వెడెమ్' అనే రహస్య చేతిరాత పత్రిక నడిపాడు. ప్రతి శుక్రవారం రాత్రి గదిలో అందరూ కూర్చుంటే పైకి చదివేవారు. సుమారు 800 పేజీలు మిగిలాయి. 1944లో పదహారేళ్ల పీటర్‌ను ఆష్‌విట్జ్‌కి పంపి చంపేశారు.

చంద్రుడి మీద నిలబడి భూమిని చూస్తే ఎలా ఉంటుందో అతను గీసిన బొమ్మ జెరూసలేంలోని యాద్ వాషెం స్మారక మ్యూజియంలో ఉంది. దాని నకలును 2003 జనవరిలో ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలన్ రామోన్ కొలంబియా నౌకలో వెంట తీసుకెళ్లాడు. ఆయన తల్లి ఆష్‌విట్జ్ నుంచి బతికి బయటపడ్డ మనిషి. అదే నౌకలో మన కల్పనా చావ్లా ఉంది. ఫిబ్రవరి 1న నౌక ముక్కలై ఏడుగురూ చనిపోయారు. ఆ రోజు పీటర్ 75వ పుట్టినరోజు. వార్తల్లో ఆ బొమ్మ సంగతి విన్నాక, ప్రేగ్‌లో పాత ఇంటి అటకలో దొరికిన నోటుపుస్తకాలు పీటర్‌వని ఒకరు గుర్తించారు. అవి అతని డైరీలు. చెల్లెలు హావా ప్రెస్‌బుర్గర్ వాటిని అచ్చు వేయించింది.

పళ్ల డాక్టరు దగ్గర కథలు

కోర్చాక్ మీద సినిమాలు వచ్చాయి. ఆంద్రే వైదా 1990లో తీసిన చిత్రం చివర రైలు పెట్టె విడిపోయి, పిల్లలు పొలంలోకి పరుగెత్తినట్టు కలలా చూపించడం మీద తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. చనిపోయినవాళ్లను తెర మీద బతికిస్తే చూసేవాళ్లకు ఊరట. కానీ ఆ పిల్లలకు ఆ పరుగు దక్కలేదు కదా అన్నది విమర్శకుల మాట. నాకూ అదే నిజమనిపిస్తుంది.

మోరిస్ గ్లైట్‌జ్‌మన్ 2005లో రాసిన నవల 'వన్స్' ఇంకో దారి వెతికింది. ఫీలిక్స్ తల్లిదండ్రులు పుస్తకాల దుకాణం నడిపే యూదులు. వాడిని కొండల్లోని క్రైస్తవ అనాథాశ్రమంలో దాచారు. నాజీలు పుస్తకాలు తగలబెట్టడం చూసి, వాళ్లకు పగ పుస్తకాల మీదేననుకుంటాడు. అమ్మానాన్నలను హెచ్చరించడానికి బయలుదేరతాడు. దారి పొడవునా వాడు వేసుకునే తప్పుడు లెక్కలు చూసి మొదట మనం నవ్వుతాం, పేజీలు తిరిగేకొద్దీ నవ్వు ఆగిపోతుంది. ఘెట్టోలో బార్నీ అనే పళ్ల డాక్టరు నేలమాళిగలో పిల్లల్ని దాచి సాకుతుంటాడు. మత్తుమందు లేదు, అందుకని రోగికి నొప్పి తెలియకుండా ఫీలిక్స్ చేత కథలు చెప్పిస్తాడు. ఈ బార్నీకి స్ఫూర్తి కోర్చాకే. గ్లైట్‌జ్‌మన్ ఆయన్ని విగ్రహం చేయలేదు. పళ్లు పీకే పనిలో, పిల్లలకు తిండి వెతికే పనిలో పెట్టాడు.

ఇంట్లో చదివించేటప్పుడు

తొమ్మిది, పదేళ్ల పిల్లలకు జూడిత్ కెర్‌తో మొదలుపెట్టొచ్చు. అందులో భయపెట్టేది తక్కువ, ఆలోచింపజేసేది ఎక్కువ. పదకొండు దాటితే లౌరీ. అప్పుడు అట్లాసు తీసి కోపెన్‌హాగెన్, జలసంధి ఒడ్డునున్న హెల్సింగర్, స్వీడన్ తీరం చూపించండి. నాలుగు కిలోమీటర్ల నీళ్లంటే ఎంతో మన ఊరి చెరువుతోనో, కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీతోనో పోల్చుకోనివ్వండి. ప్రకాశం బ్యారేజీ పొడవు కిలోమీటరు పైచిలుకు. అలాంటివి మూడో నాలుగో దాటితే ప్రాణం దక్కింది.

ఓర్లెవ్, గ్లైట్‌జ్‌మన్ పన్నెండేళ్ల తర్వాతే ఇవ్వడం మేలు. ఒంటరిగా చదవనివ్వొద్దు. పక్కన కూర్చుని బోధించమని కాదు, మీరూ అదే పుస్తకం చదవండి. పిల్లలు అడిగే ప్రశ్నలు మనం ఊహించినవి కావు. హిట్లర్ ఎందుకిలా చేశాడని అడగరు. ఎలుకకు తిండి ఎక్కడిదని అడుగుతారు. పక్కింటివాళ్లు ఎందుకు తలుపు తీయలేదని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకండి. కొందరు తీశారు, చాలామంది తీయలేదు, కొందరు పట్టించి బహుమానం పుచ్చుకున్నారు. మూడూ నిజమేనని చెప్పండి.

బోయ్న్ పుస్తకం ఇప్పటికే ఇంట్లో ఉంటే దాచేయక్కర్లేదు. చదివాక, నిజంగా ఇలా జరిగే వీలుందా అని పిల్లల్నే వెతకమనండి. ఆ వెతుకులాటే మంచి చరిత్ర పాఠం.

పదో తరగతిలో అన్నె ఫ్రాంక్ పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి. రచయిత్రి పరిచయంలో పుట్టిన తేదీ, చనిపోయిన చోటు రాయించి ఊరుకోకండి. 1944 మార్చి చివర్లో ఆమ్‌స్టర్‌డామ్ రహస్య గృహంలో ఆ కుటుంబం రేడియో వింటోంది. యుద్ధం అయ్యాక జనం డైరీలూ ఉత్తరాలూ సేకరిస్తామని లండన్ నుంచి డచ్ మంత్రి ప్రకటించాడు. అది విని పద్నాలుగేళ్ల అన్నె తన డైరీని పుస్తకంగా తిరగరాయడానికి కూర్చుంది. వాక్యాలు కొట్టేసింది, పాత్రలకు మారుపేర్లు పెట్టింది. అంటే ఆమె పని నేర్చుకుంటున్న రచయిత్రి. తరగతిలో రచన మీద ఆసక్తి ఉన్న ప్రతి పిల్లా ఈ సంగతి వినాలి.

ప్రచురణకర్తలకూ ఒక మాట. ఓర్లెవ్ తెలుగు పిల్లల అల్మారాల్లోకి రావాలి. హిబ్రూ నుంచి నేరుగా తేవడం కష్టమైతే హిల్లెల్ హాల్కిన్ చేసిన చక్కటి ఇంగ్లిష్ అనువాదం ఉంది. 'రైలుబడి'ని గుండెలకు హత్తుకున్న ఇళ్లు అలెక్స్‌నూ, వాడి తెల్ల ఎలుకనూ రానిస్తాయి.